శాలువా, మెమెంటో, ఒక ఫోన్ నంబరు

మా ఊరి క్లబ్బులో నాకు దక్కిన మొదటి పదవి ప్రొజెక్టర్ బాగుచెయ్యడం.

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజినీర్ని. కరోనా టైంలో లాప్‌టాప్ పట్టుకుని ఊరొచ్చేశాను. తర్వాత కంపెనీవాళ్ళు నెలకి నాలుగు రోజులు ఆఫీసుకొస్తే చాలన్నారు. అలా గుంటూరు జిల్లాలో కాలవ గట్టున ఉన్న మా ఊళ్ళోనే ఉండిపోయాను. మా నాన్న ఇరవై ఏళ్ళుగా అక్కడి సేవా క్లబ్బులో మెంబరు. ఒక గురువారం రాత్రి ఫోన్ చేసి, "ఒరే, డాక్టర్ గారి బొమ్మలు గోడ మీదకి రావట్లేదు, ఓసారి వచ్చిపో" అన్నాడు. వెళ్ళాను. కేబుల్ వదులుగా ఉంది, గట్టిగా నొక్కాను. బొమ్మలొచ్చాయి. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివినందుకు నాకెవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి.

మూడు నెలలకి మెంబర్ని చేశారు. ఆరు నెలలకి ప్రోగ్రాం కమిటీ అన్నారు. కమిటీ అంటే నేనొక్కణ్ణే. నెలకి రెండు గురువారాల మీటింగులకి అతిథి వక్తల్ని వెతికి తేవడం, వాళ్ళు వచ్చేదాకా ఫోన్లు చెయ్యడం, వచ్చాక మైకు పని చేసేలా చూడటం. అదీ పని.

ఏ క్లబ్బు, ఏ ఊరు అని మాత్రం అడక్కండి. పేరు చెబితే అందరికీ తెలిసే రెండు మూడు అంతర్జాతీయ సంస్థల్లో ఒకదాని శాఖ మాది. పేరు రాస్తే అంతా పొగుడుతూ రాయాలి, లేకపోతే ఊళ్ళో మొహం చూపించలేను. పేరు లేకపోతే ఉన్నది ఉన్నట్టు రాసుకోవచ్చు.

ఇలాంటి మీటింగులు చూడని వాళ్ళకోసం కాస్త చెబుతాను. కల్యాణ మండపం మేడమీద చిన్న హాలు. కార్డులో ఏడున్నర అని ఉంటుంది. ఎనిమిదింటికి ప్రెసిడెంటు గారు ఇత్తడి గంట కొడతారు. పోయిన మీటింగు వివరాలు సెక్రటరీ గారు ఎవరికీ వినపడకుండా చదువుతారు. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు ఉన్నవాళ్ళకి పువ్వులిస్తారు. తర్వాత అతిథి పరిచయం. ఒక్కోసారి ఇది అతిథి మాట్లాడే దానికంటే పొడుగు. ఉపన్యాసం ఇరవై నిమిషాలంటాం, నలభై అవుతుంది. మొదటి ప్రశ్న ఎప్పుడూ మా రైసుమిల్లు పెద్దాయనదే. నిజానికి అది ప్రశ్న కాదు, ఆయన అనుభవం. ఆ తర్వాత శాలువా, మెమెంటో, గ్రూప్ ఫోటో. కింద టిఫిను. పెసరట్టు వాసన మేడెక్కిందంటే ఇక వక్త ఎవరైనా సరే, ఉపన్యాసం అయిపోయినట్టే.

చేరిన కొత్తల్లో నాకు ఒకటే అర్థమయ్యేది కాదు. సేవ చెయ్యడానికి పెట్టుకున్న క్లబ్బుకి ఈ ఉపన్యాసాలెందుకు? ఒక్కో మీటింగుకి అయ్యే టిఫిన్ల ఖర్చుతో బళ్ళో పిల్లలకి నోటుబుక్కులు రావూ? మా నాన్ననే అడిగాను. "ఊరికే డబ్బులిచ్చి రమ్మంటే ఎవరొస్తార్రా, పదిమంది కలవాలిగా" అన్నాడు. అందులో నిజముంది గానీ నాకు చాల్లేదు. కూర్చుని ఈ క్లబ్బుల చరిత్ర చదివాను.

1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక మైనింగ్ ఇంజినీరు, ఒక దర్జీ కలిసి ఒక ఆఫీసు గదిలో కూర్చున్నారు. రోటరీ అలా మొదలైంది. వంతులవారీగా ఒక్కోసారి ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవాళ్ళు కాబట్టి ఆ పేరు. మొదట్లో సేవ మాటే లేదు. స్నేహం, ఒకరి వ్యాపారానికి ఇంకొకరు సాయం, అంతే. రెండేళ్ళ తర్వాత, 1907లో, ఊరికోసం వాళ్ళు పూనుకున్న మొదటి పని ఏంటో తెలుసా? పబ్లిక్ మరుగుదొడ్లు కట్టించడం. ఈ సంగతి మా మీటింగులో చెబితే, "టిఫిన్ ముందు అవెందుకు బాబూ" అన్నారు.

నన్ను ఆపేసింది మాత్రం లయన్స్ కథ. మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి పూనుకోవడంతో 1917లో పుట్టిన సంస్థ అది. 1925 జూన్ 30న ఒహాయో రాష్ట్రంలో సీడార్ పాయింట్ అనే చోట వాళ్ళ మహాసభ జరిగింది. ఆ రోజు అతిథి హెలెన్ కెల్లర్. చూపూ, వినికిడీ రెండూ లేని మనిషి. ఆమె వాళ్ళ ముందు మాట్లాడింది. చూపులేని వాళ్ళ పక్షాన మీరు నిలబడండి, ఆ చీకటి మీద యుద్ధం మీరు చెయ్యండి అని అడిగింది. వాళ్ళు ఒప్పుకున్నారు. అయిదేళ్ళకి, 1930లో, పియోరియా అనే ఊళ్ళో జార్జ్ బొనామ్ అనే లయన్ ఒక అంధుడు రోడ్డు దాటలేక అవస్థ పడుతుంటే చూశాడు. అతని నల్ల కర్ర బళ్ళవాళ్ళకి కనపడట్లేదు. కర్రకి తెల్లరంగు వేస్తే కనపడుతుంది కదా అనుకుని, క్లబ్బు చేత అలాంటి కర్రలు చేయించి పంచాడు. ఇవాళ మన ఊళ్ళల్లో లయన్స్ పేరుతో కంటి ఆసుపత్రులు, కంటి శిబిరాలు కనపడుతున్నాయంటే దాని మొదలు ఒక అతిథి ఉపన్యాసంలో ఉంది. ఆవిడకి శాలువా కప్పారో లేదో తెలీదు.

అది చదివాక నా పని మీద నాకు కొంచెం గౌరవం వచ్చింది. మా అతిథుల జాబితా చూసుకునేసరికి అది తగ్గింది.

పిలిచిన వాళ్ళందరి వివరాలూ ఒక షీట్‌లో రాసుకుంటాను. ఉద్యోగం నేర్పిన జబ్బు. తేదీ, అతిథి, విషయం, ఎంతమంది వచ్చారు. చివర్లో ఒక గడి ఎక్కువ పెట్టాను: 'తర్వాత ఏమైంది'. ఏడాది తిరిగేసరికి ఆ వరసలో దాదాపు అన్నీ ఖాళీలే. ఒక కార్పొరేట్ ఆసుపత్రి నుంచి గుండె డాక్టర్ వచ్చారు. బాగానే చెప్పారు, కానీ చివరి ఆరు స్లైడులూ ప్యాకేజీలు, డిస్కౌంట్లు. ఒక వ్యక్తిత్వ వికాస నిపుణుడు వచ్చి సగటు వయసు అరవై ఉన్న హాలుని లేచి నిలబడి 'నేను సాధిస్తాను' అని అరవమన్నాడు. మ్యూచువల్ ఫండ్ల ఆయన, వాస్తు ఆయన, అమెరికాలో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చిన మా మెంబరే ఒకాయన.

నిండిన గడులు మూడు. సైబర్ నేరాల మీద మాట్లాడిన ఎస్సై గారిది ఒకటి. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలోనే లేదు, ఫోన్లో ఎవరైనా అలా బెదిరిస్తే పెట్టేసి 1930కి చెయ్యండి అని చెప్పి వెళ్ళారు. పది రోజులు తిరక్కుండా మా ఎరువుల షాపు మెంబరుకి అలాంటి ఫోనే వచ్చింది. "ఎస్సై గారు చెప్పారు నాయనా నీ గురించి" అని పెట్టేశాడట.

రెండోది లైన్‌మ్యాన్‌ది. ఆయన్ని పిలుద్దామంటే కమిటీలో ఒకాయన, "లైన్‌మ్యాన్‌కి శాలువా కప్పాలా ఏంటి?" అన్నారు. కప్పాం. నేను విన్న వాటిల్లో ఇప్పటికీ అదే గొప్ప ఉపన్యాసం. పావుగంట మాట్లాడాడు. తీగ తెగి నేలమీద పడితే దాని చుట్టూ ఉన్న నేలలోనూ కరెంటు ఉంటుంది, భయపడి పెద్ద అంగలు వేసి పరిగెత్తకూడదు, రెండు పాదాలూ దగ్గరగా పెట్టి జరుపుకుంటూ దూరం రావాలి అని చేసి చూపించాడు. తర్వాత హాలంతా ఓసారి చూసి, "మీలో ఎంతమందికి జనరేటర్లున్నాయి సార్?" అన్నాడు. చేతులు లేచాయి. "చేంజోవర్ స్విచ్చి లేకుండా ఇంటి లైనుకి కలిపితే, మేం కరెంటు ఆపుకుని స్తంభం ఎక్కినప్పుడు మీ కరెంటు వెనక్కి వచ్చి మమ్మల్ని చంపుతుంది సార్" అన్నాడు. పెసరట్టు వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు. ఆ వారంలో నాకు తెలిసి రెండిళ్ళలో ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్చి పెట్టాడు.

మూడో గడి గురించే ఇదంతా రాస్తున్నాను. దానికి ముందు మా క్లబ్బు చేసే పనులు కూడా చెప్పాలి.

ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రం, శనివారం మజ్జిగ. జూన్‌లో బళ్ళో నోటుబుక్కులు. చలికాలం దుప్పట్లు. ఒక దుప్పటి ఇవ్వడానికి దాన్ని పట్టుకునే చేతులు ఎనిమిది, తీసుకునే ముసలమ్మ మొహం ఫోటోలో కనపడదు. ఇది నేనన్నమాట కాదు, మా కాలేజీ మాస్టారే మీటింగులో అన్నారు. అయినా మానలేదు. ఏడాదికోసారి కంటి శిబిరం మాత్రం అసలైన పని. శుక్లాలున్న వాళ్ళని బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఆపరేషన్ చేయించి, నల్లకళ్ళద్దాలతో తిరిగి దింపుతారు. పన్నెండేళ్ళ కింద మా నాయనమ్మ రెండు కళ్ళకీ అలాగే చేయించుకుంది. ఇంటికొచ్చిన మర్నాడు కళ్ళద్దాలు పైకెత్తి దూలాల వంక చూసి, "ఇన్నాళ్ళూ ఈ బూజు ఎవరూ దులపలేదా?" అందట. మా ఇంట్లో అది సామెత అయిపోయింది.

ఇంకో రెండున్నాయి. వైకుంఠ రథం, ఫ్రీజర్ బాక్సు. పట్నాల్లో ఉన్నవాళ్ళకి వీటి విలువ తెలీదు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, వచ్చేదాకా ఆపాలంటే ఆ పెట్టె లేకపోతే గడవదు. ఊళ్ళో ఎవరు పోయినా, ఏ కులం వాళ్ళయినా, ఏ మతం వాళ్ళయినా, ముందుగా చేసే రెండు మూడు ఫోన్లలో ఒకటి మా పెట్టె కోసమే. నామమాత్రపు రుసుము, లేనివాళ్ళకి అదీ లేదు. పెట్టెని ఆటో ట్రాలీలో తీసుకెళ్ళి పెట్టి, అయ్యాక కడిగి తెచ్చే మనిషి ఒకడున్నాడు. అతని పేరు కూడా రాయను. అర్ధరాత్రి అయినా ఫోన్ ఎత్తుతాడు.

ఇక ఆ మూడో అతిథి. ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా నేత్రదాన పక్షోత్సవాలు. ఆ రోజుల్లో ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ఐ బ్యాంకులో పనిచేసే టెక్నీషియన్ని పిలిచాను. ఆ రోజు వాన. కరెంటు పోయింది. వచ్చింది పద్నాలుగు మంది. ప్రొజెక్టర్ లేదు. నా వయసు కుర్రాడే. సెల్‌ఫోన్ లైటు బల్ల మీద పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు.

కంటి ముందుభాగంలో వాచీ అద్దంలాగా పారదర్శకంగా ఉండే పొర ఒకటుంటుంది, దాన్నే కార్నియా అంటారు. అది దెబ్బతిని తెల్లబారితే చూపుండదు. మన డెల్టాలో కోతల టైంలో వరి ఆకో, ధాన్యపు పొట్టో కంట్లో గీసుకుని, పుండుపడి, డాక్టర్ దగ్గరికి వెళ్ళకుండా ఎవరో ఇచ్చిన చుక్కలు వేసుకుని కన్ను పోగొట్టుకునేవాళ్ళు చాలామంది. ఆ పొర మార్చాలంటే ఇంకో మనిషిది కావాలి, ఫ్యాక్టరీలో తయారయ్యేది కాదు. మనిషి పోయిన ఆరు గంటల్లోపు తీసుకోవాలి. సాధారణంగా కనుగుడ్డంతా తియ్యరు, ఆ పొర వరకే. పదిహేను, ఇరవై నిమిషాల పని. మొహం మారదు. కళ్ళజోడున్నా, షుగరున్నా, బీపీ ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చు. శుక్లం వచ్చేది లోపలి లెన్సుకి, పై పొరకి కాదు. ఎయిడ్స్, కామెర్లు తెచ్చే హెపటైటిస్, రేబిస్, రక్త క్యాన్సర్ లాంటివి ఉంటే మాత్రం తీసుకోరు. మేం వచ్చేలోపు మీరు చెయ్యాల్సింది చిన్న పని అన్నాడు. కనురెప్పలు మూసి పైన తడి దూది పెట్టాలి. ఫ్యాన్ ఆపాలి. తలకింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచాలి.

రైసుమిల్లు పెద్దాయన కూడా ఆ రోజు అనుభవం చెప్పలేదు. పద్నాలుగు మందీ అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారు. మా నాన్న కూడా. కరెంటొచ్చాక కార్డులు గుండెల దగ్గర పట్టుకుని ఫోటో దిగారు. రెండో రోజు జిల్లా పేజీలో పడింది. కార్డుల జిరాక్సులు క్లబ్బు బీరువాలోకెళ్ళాయి. షీట్‌లో చివరి గడిలో '14' అని వేశాను. మంచి అంకె అనుకున్నాను.

ఎనిమిది నెలల తర్వాత, ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున నాలుగుంపావుకి మా నాయనమ్మ పోయింది. ఎనభై మూడేళ్ళు. రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు, అందరం అనుకుంటూనే ఉన్నాం. అమ్మ నోట్లో తులసి నీళ్ళు పోసింది. కింద చాప మీదకి మార్చి తల దగ్గర దీపం పెట్టారు. బాబాయి చుట్టాలకి ఫోన్లు మొదలుపెట్టాడు. అయిదింటికల్లా ఫ్రీజర్ బాక్సు గుమ్మంలో ఉంది. ఎవరు ఫోన్ చేశారో కూడా తెలీదు. అది అందరికీ గుర్తుంటుంది.

కళ్ళ సంగతి ఇంట్లో ఒక్కరికీ గుర్తు రాలేదు. నాకు కూడా ఇరవై నిమిషాల తర్వాతే వచ్చింది. అదీ ఎలాగంటే, ఫ్యాన్ గాలికి దీపం కొండెక్కుతుంటే అమ్మ ఫ్యాన్ ఆపమంది. ఫ్యాన్ ఆపడం అనగానే ఆ కుర్రాడు గుర్తొచ్చాడు.

నాన్నని పక్కకి పిలిచి చెప్పాను. నా వంక కాసేపు చూశాడు. "నేను సంతకం పెట్టింది నా కళ్ళకిరా. అమ్మ కళ్ళకి కాదు" అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టలేను. కార్డు పట్టుకుని ఫోటో దిగడం వేరు, అమ్మ మొహం మీద ఎవరో చెయ్యి వెయ్యడం వేరు. బాబాయి విని, "ఆమెవి ఎటూ ఆపరేషన్ అయిన కళ్ళేగా, ఎవరికి పనికొస్తాయిరా" అన్నాడు. దానికి జవాబు నా దగ్గరుంది, చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆరింటికి పొన్నూరు నుంచి అత్తయ్య దిగింది. ఏడ్చింది, లేచింది, సంగతి విని నా మీద పడింది. "మా అమ్మని కోయిస్తావట్రా? వచ్చే జన్మలో గుడ్డిదై పుట్టాలా?"

నేను ఇంకేం మాట్లాడలేదు. టెక్నీషియన్ నంబరు నా ఫోన్లో ఉంది. మీటింగుకి వస్తాడో రాడో అని ఆ రోజు ఆరుసార్లు చేసిన నంబరది. బయటికొచ్చి చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. ఇంట్లో ఇలా ఉంది, ఎవరూ ఒప్పుకోవట్లేదు అన్నాను. ఫోన్ అత్తయ్యకిమ్మన్నాడు. స్పీకర్‌లో పెట్టి ఆవిడ పక్కన కూర్చున్నాను. అతను పుణ్యం గురించి చెప్పలేదు, రెండు జీవితాల్లో వెలుగు అని చెప్పలేదు. "అమ్మా, నేను బయల్దేరి వస్తాను. నలభై నిమిషాలు పడుతుంది. వచ్చాక మీరు వద్దంటే అమ్మగారికి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతాను. అప్పటిదాకా కళ్ళ మీద తడి దూది మాత్రం పెట్టండి" అన్నాడు. అంతే.

అత్తయ్య కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత తనే దూది తడిపి తెచ్చింది. పెడుతూ పెడుతూ పైకి చూసింది. ఏం చూసిందో నాకు అర్థమైంది. "బూజు" అంది. ఏడుస్తూనే నవ్వింది. నాన్న అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఏప్రిల్ ఉక్కలో ఫ్యాన్ లేని గదిలో చుట్టాలందరూ చెమటలు కక్కుతూ కూర్చున్నారు. కొంతమంది గొణిగారు. ఏడింటికి అతను బైక్ మీద వచ్చాడు, భుజానికి ఒక పెట్టె. నాన్న కాగితం మీద సంతకం పెట్టాడు. చచ్చిపోయిన మనిషి బతికుండగా సంతకం పెట్టినా పెట్టకపోయినా, ఆ టైంలో ఇంట్లోవాళ్ళ సంతకం లేకుండా వాళ్ళు ముట్టుకోరు. అత్తయ్య గది వదిలి రానంది. ఉండమన్నాడు. తలుపు దగ్గరగా వేశారు. పావుగంట దాటాక అత్తయ్యే తీసింది. "నిద్రపోతున్నట్టే ఉంది" అని అమ్మతో చెప్పింది. తర్వాత వచ్చిన ప్రతి చుట్టానికీ అదే చెప్పింది.

పెద్దకర్మ అయ్యాక ఐ బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరికి పెట్టారో చెప్పరు, అది వాళ్ళ నియమం. ఒకటి అమర్చడానికి పనికొచ్చిందని, రెండోది శిక్షణకి వాడారని తెలిసింది. రెండూ పనికిరాలేదా అని నాన్న కొంచెం నొచ్చుకున్నాడు. ఎనభై మూడేళ్ళ కంటికి అదే గొప్ప అని నేననుకున్నాను.

ఆ తర్వాత షీట్ తెరిచి చూసుకుంటే ఆ '14' నన్ను వెక్కిరించింది. పద్నాలుగు మంది కార్డులు బీరువాలో ఉన్నాయి. వాళ్ళలో ఎవరైనా రేపు పోతే ఆ బీరువా ఎవరు తెరుస్తారు? వాళ్ళ పిల్లలకి ఆ కార్డు సంగతి తెలుసా? నంబరు ఎవరి దగ్గరుంది? మేం చేసే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి తప్పులు రోజూ చూస్తాం. సమాచారం ఉంటుంది, కావాల్సిన నిమిషంలో కావాల్సిన చోట ఉండదు. మా ఊళ్ళో మనిషి పోయిన గంటలోపు తప్పనిసరిగా మోగే ఫోన్ ఒకటే. అది ఫ్రీజర్ బాక్సుది.

బోర్డు మీటింగులో చెప్పాను. పెట్టె మూత మీద ఐ బ్యాంకు నంబరు పెద్దక్షరాలతో అంటిద్దాం. పెట్టెకోసం ఫోన్ చేసిన వాళ్ళని, ఆ ఫోన్లోనే, కళ్ళ గురించి ఒక్క మాట అడుగుదాం.

సెక్రటరీ గారు అదిరిపడ్డారు. "చావింట్లో వాళ్ళు ఏడుస్తుంటే కళ్ళు అడుగుతామా? రాబందులంటారయ్యా మనల్ని. ఉన్న మంచి పేరు కూడా పోతుంది." ఆయన మాటలో తప్పేం లేదు, అదే నా భయం కూడా. రెండు మీటింగులు ఇదే చర్చ. మూడోదాంట్లో, ఇరవై ఏళ్ళుగా వందన సమర్పణ తప్ప ఏమీ మాట్లాడని మా నాన్న లేచాడు. "మా ఇంట్లో మావాడు అడిగాడు. నాకు కోపం వచ్చింది. మూడో రోజుకి పోయింది. అడక్కపోయుంటే ఆ కోపం కూడా వచ్చేది కాదు, ఏమీ అయ్యేది కాదు" అని కూర్చున్నాడు. తీర్మానం అయింది.

అసలు ఇబ్బంది అక్కణ్ణుంచే. అడగాల్సింది బోర్డు కాదు, పెట్టె మనిషి. అతను మొదట కుదరదన్నాడు. "నన్ను కొడతారు సార్" అన్నాడు. టెక్నీషియన్ వచ్చి అతనితో ఒక పూట కూర్చున్నాడు. తర్వాత అతనే ఒక పద్ధతి కనిపెట్టాడు. అతను కళ్ళు అడగడు. ఫోన్లో, "పెట్టె తెస్తున్నానండీ. ఈలోపు ఫ్యాన్ ఆపి, కళ్ళు మూసి తడి దూది పెట్టండి" అంటాడు. కొంతమంది ఎందుకని అడుగుతారు. అడిగిన వాళ్ళకే చెబుతాడు. అడగని వాళ్ళకి ఏమీ చెప్పడు. ఏ కంపెనీ మీటింగులోనూ నాకు ఇంత తెలివైన డిజైన్ కనపడలేదు.

మొదటి మూడు నెలలు ఒక్కరూ ఒప్పుకోలేదు. ఒక ఇంట్లో తిట్టారు కూడా. తర్వాత మార్కెట్ వీధిలో ఒక దర్జీ పోతే వాళ్ళమ్మాయి ఒప్పుకుంది, డిగ్రీ చదువుతోంది. ఆ తర్వాత ఒకటీ ఒకటీ. ఇప్పటికి తొమ్మిదిళ్ళు. పెట్టె వెళ్ళిన ఇళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. ఒకసారి ఇంట్లోవాళ్ళు ఒప్పుకుని దూది పెట్టుకుని కూర్చున్నారు. టెక్నీషియన్ ఇంకో ఊళ్ళో ఉన్నాడు, ఇంకొకర్ని పంపమని చెప్పాల్సిన నేను ఆఫీస్ కాల్‌లో ఉండి ఫోన్ చూసుకోలేదు. ఆరు గంటలూ దాటిపోయాయి. వాళ్ళు ఏమీ అనలేదు. కానీ ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళాలంటే నాకిప్పటికీ కష్టంగా ఉంటుంది, వెనక సందులోంచి వెళ్తాను. ఇప్పుడు నంబర్లు మూడు పెట్టాం.

పేపర్లో దీని గురించి ఏమీ రాలేదు. ఫోటో తియ్యడానికి ఇందులో ఏమీ లేదు. దుప్పట్ల ఫోటో మాత్రం పోయిన డిసెంబర్లో కూడా పడింది. ఈసారి చేతులు పది.

వచ్చే గురువారానికి అతిథిగా పెట్టె మనిషిని పిలిచాను. ఎవరూ శాలువా సంగతి ఎత్తలేదు, అదొక మార్పు. నిన్న సాయంత్రం ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "మైకులో నేనేం చెబుతాను సార్, నాకు రాదు" అన్నాడు. ఫోన్లో వాళ్ళతో ఏం చెబుతావో అదే చెప్పమన్నాను. సరేనని మెట్లు దిగి, మళ్ళీ వెనక్కొచ్చాడు.

"మధ్యలో ఫోనొస్తే లేచి వెళ్ళిపోవచ్చా సార్?"

వెళ్ళొచ్చన్నాను.